పుస్తకం మూశాక మొదలయ్యే చదువు

పరీక్షలకు వారం ముందు ఏ డిగ్రీ కాలేజీ హాస్టల్లో చూసినా ఒకే దృశ్యం. ఒకరు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ చదువుతుంటారు, ఒకరు మెట్ల మీద కూర్చుని, ఇంకొకరు మంచం మీద బోర్లా పడుకుని. చేతిలో పసుపు రంగు హైలైటరు, పక్కన సీనియర్లు ఇచ్చిన ఇంపార్టెంట్ ప్రశ్నల కాగితం. చేసే పని మాత్రం అందరిదీ ఒకటే, చదివినదాన్నే మళ్లీ చదవడం. రెండోసారి చదివితే కాస్త తేలిగ్గా ఉంటుంది. మూడోసారికి వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం తెలిసిపోతుంది. "ఈ చాప్టర్ అయిపోయింది" అని టిక్కు పెట్టుకుంటారు. తీరా పరీక్ష హాల్లో ప్రశ్న చూశాక ఆ పేజీ కళ్లముందు కనిపిస్తుంది. అది ఎడమ వైపు పేజీ అని, కింద ఒక పటం ఉందని కూడా గుర్తొస్తుంది. అందులో ఏం రాసి ఉందో మాత్రం రాదు.

బయటికి వచ్చాక చాలామంది తమ బుర్రనే తిట్టుకుంటారు. జ్ఞాపకశక్తి తక్కువని, చదువు తమకు అచ్చిరాదని తీర్మానించుకుంటారు. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఈ తీర్మానం ఎంతమంది స్నేహితుల్ని లోపల్లోపల కుంగదీస్తోందో దగ్గరగా చూస్తున్నాను. అది సరైన తీర్మానం కాదు. మనిషి ఎలా గుర్తుంచుకుంటాడు, ఎలా మరిచిపోతాడు అన్న విషయం మీద నూట నలభై ఏళ్లుగా ప్రయోగాలు జరుగుతున్నాయి. వాటిలో తేలిన విషయాలు చదివితే లోపం బుర్రలో లేదని, మనకెవరూ నేర్పని ఒక పద్ధతి కొరవడిందని అర్థమవుతుంది. ఏం చదవాలో అందరూ చెప్పారు. ఎలా చదవాలో చెప్పినవాళ్లు తక్కువ.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. బస్టాండులో ఎవరో ఎదురుపడి పలకరిస్తారు. ముఖం బాగా తెలిసినదే, పేరు మాత్రం ఎంతకీ నోటికి రాదు. ముఖాన్ని గుర్తుపట్టడం ఒక పని, పేరును గుర్తుకు తెచ్చుకోవడం వేరే పని. పుస్తకం తెరిచి మళ్లీ మళ్లీ చదువుతున్నప్పుడు మనం మొదటి పనినే సాధన చేస్తున్నాం. అక్షరాలు ఎదురుగా ఉన్నాయి కాబట్టి మనసు "ఇది నాకు తెలుసు" అంటుంది. పరీక్ష అడిగేది రెండో పని. అక్కడ ఎదురుగా ప్రశ్న తప్ప మరేమీ ఉండదు. ఏ పనిని సాధన చేయలేదో ఆ పనిలోనే మనల్ని పరీక్షిస్తారు.

ఈ తేడా ఎంత పెద్దదో కొలిచి చూపిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు డిగ్రీ విద్యార్థులకు చిన్న చిన్న వ్యాసాలు ఇచ్చారు. ఒకటి సూర్యుడి గురించి, ఒకటి సముద్రంలో బతికే నీటికుక్కల గురించి. విద్యార్థుల్ని మూడు జట్లుగా చేశారు. మొదటి జట్టు నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. రెండో జట్టు మూడు విడతలు చదివి, నాలుగోసారి వ్యాసం పక్కన పెట్టి గుర్తున్నదంతా రాసింది. మూడో జట్టు ఒక్క విడతే చదివింది, మిగిలిన మూడు విడతలూ చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూనే ఉన్న జట్టుకు వ్యాసంలో 83 శాతం గుర్తుంది, ఒక్క విడత చదివినవాళ్లకు 71 శాతమే. వారం తర్వాత అదే పరీక్ష పెట్టినప్పుడు లెక్క తలకిందులైంది. చదువుతూనే ఉన్నవాళ్లు 40 శాతానికి పడిపోయారు. ఒకసారి చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం, మూడుసార్లు రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. 2006లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి వేరే రెండు వివరాలు. ఒక్కో విడతలో వ్యాసాన్ని ఒకటికి మించి సార్లు చదివే వీలుంది కాబట్టి, నాలుగు విడతల్లో మొదటి జట్టువాళ్లు దాన్ని సగటున 14 సార్లకు పైగా చదివారు. మూడో జట్టువాళ్లు చదివింది మూడు నాలుగుసార్లే. అంటే కష్టపడకపోవడం వల్ల ఎవరూ వెనకబడలేదు. రెండో వివరం ఇంకా ముఖ్యం. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందుగానే అడిగితే, అందరికంటే ధీమాగా చెప్పింది 14 సార్లు చదివిన జట్టే. చదువుతున్నప్పుడు కలిగే ధీమా దారి తప్పిస్తుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నేను చూడలేదు.

ఐదు నిమిషాల లెక్కను కూడా తీసిపారేయకూడదు. రాత్రంతా చదివి పొద్దున్నే పరీక్ష రాసే పద్ధతి ఎందుకు బతికుందో అది చెబుతోంది. అది పనిచేస్తుంది కనుకే బతికుంది, కాకపోతే ఆ ఒక్క పొద్దుటికే. ఈ సెమిస్టరులో గట్టెక్కిన అకౌంటెన్సీ వచ్చే సెమిస్టరులో పునాదిగా కావాల్సి వచ్చినప్పుడు అక్కడ ఏమీ ఉండదు. ఇంటర్వ్యూలో "మీ సబ్జెక్టు గురించి ఏదైనా చెప్పండి" అని అడిగినప్పుడు నోరు పెగలకపోవడానికీ ఇదే కారణం.

నిజానికి చూడకుండా చెప్పించే పద్ధతి మనకు కొత్తది కాదు. అమ్మమ్మలను, తాతయ్యలను అడిగితే పొద్దున్నే మాస్టారి ముందు నిలబడి పాఠం అప్పజెప్పిన రోజులు చెబుతారు. ఎక్కాలు అలాగే వచ్చాయి, శతక పద్యాలు అలాగే వచ్చాయి. అందులో బెత్తం ఉంది, భయం ఉంది, అవి పోవడం మంచిదే. బెత్తంతో పాటు అప్పజెప్పడం కూడా పోవడమే మన నష్టం. స్కూల్లో, ఇంటర్లో ఇంకా స్లిప్ టెస్టులైనా ఉంటాయి. డిగ్రీలోకి వచ్చాక అవీ ఉండవు, అడిగేవాళ్లు ఉండరు. కాబట్టి అడిగేవాడూ అప్పజెప్పేవాడూ మనమే కావాలి.

అదెలాగో ఒక పాఠంతో చెబుతాను. ఎకనామిక్స్ మొదటి సంవత్సరంలో డిమాండ్ సూత్రం ఉంటుంది. పాఠంలో ఆ భాగం ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసేయాలి. తెల్లకాగితం తీసుకుని గుర్తున్నదంతా సొంత మాటల్లో రాయాలి. ఇతర పరిస్థితులు మారనప్పుడు ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుందని అందరూ రాస్తారు. అక్కడ ఆగి, ఎందుకు తగ్గుతుందని మనల్ని మనమే అడగాలి. ధర పెరిగిన వస్తువు వదిలి జనం చౌకగా దొరికే వేరే వస్తువుకు మారతారు, అది ప్రత్యామ్నాయ ప్రభావం. అదే జీతంతో ఇప్పుడు తక్కువే కొనగలరు, అది ఆదాయ ప్రభావం. ఈ రెండోది చాలామందికి రాదు. ఇంకో ప్రశ్న, ఈ సూత్రం వర్తించని సందర్భాలు ఉన్నాయా? గిఫెన్ వస్తువుల పేరు గుర్తొస్తుంది, వివరణ గుర్తురాదు. అలా తెలియని చోట ఖాళీ వదిలి, కాసేపు అవస్థపడి, అప్పుడు పుస్తకం తెరవాలి. ఖాళీలను వేరే రంగు సిరాతో నింపాలి, తప్పు రాసినవి దిద్దాలి. ఈ దిద్దుకోవడం మానకూడదు. లేకపోతే తప్పే గట్టిపడుతుంది. రెండోసారి చదవాల్సింది వేరే రంగులో ఉన్నదే, పాఠమంతా అక్కర్లేదు.

ఇది మొదట్లో చాలా నిరుత్సాహంగా ఉంటుంది. అరగంట చదివి పుస్తకం మూస్తే నాలుగు వాక్యాలు కూడా రావు. మళ్లీ చదవడంలో ఉన్న హాయి ఇందులో లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ బ్యోర్క్ అనే శాస్త్రవేత్త ఇలాంటి ఇబ్బందిని మేలుచేసే కష్టంగా వర్ణించాడు. వెతికి వెతికి బయటికి లాగిన విషయం తర్వాత త్వరగా దొరుకుతుంది. అప్పనంగా కంటికి కనిపించిన విషయం అంత గట్టిగా నిలవదు. నాలుగే వాక్యాలు వచ్చాయని బెంగపడేవాళ్లకు నేను చెప్పేదొకటే. ఆ కాగితానికి మార్కులు లేవు, దాన్ని ఎవరూ చూడరు.

ఇక మరిచిపోవడం సంగతి. దీన్ని మొదట కొలిచినవాడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు. ప్రయోగం చేసిందీ ఆయనే, చేయించుకున్నదీ ఆయనే. అర్థం లేని అక్షరాల గుంపులను జాబితాలుగా రాసుకుని, తప్పు లేకుండా వచ్చేదాకా వల్లెవేసేవాడు. కొంతకాలం ఆగి అదే జాబితాను మళ్లీ నేర్చుకుంటే మొదటిసారి కంటే ఎంత సమయం ఆదా అవుతుందో లెక్కకట్టేవాడు. 1885లో అచ్చయిన ఆయన పుస్తకం ప్రకారం 20 నిమిషాల తర్వాత 58 శాతం సమయం ఆదా అయింది, ఒక రోజు తర్వాత 34 శాతం, ఆరు రోజులకు 25, నెల తర్వాత 21. ఈ అంకెలు చూసి "ఒక్క రోజులో మూడింట రెండు వంతులు మరిచిపోతాం" అని చాలాచోట్ల రాసేస్తుంటారు. అది తొందరపాటు. అవి అర్థం లేని అక్షరాలు, పైగా ఆయన కొలిచింది ఆదా అయిన సమయాన్ని. నిదానంగా చూస్తే ఆ అంకెల్లో ధైర్యం చెప్పే విషయం ఉంది. జారిపోవాల్సినది చాలావరకు మొదటి గంటల్లోనే జారిపోతుంది, ఆ తర్వాత జారడం బాగా నెమ్మదిస్తుంది. పూర్తిగా మరిచిపోయామనుకున్నది కూడా నెల తర్వాత ఐదో వంతు శ్రమను మిగులుస్తోంది. చదివింది వృథా పోదు.

ఆయనే ఇంకో విషయం గమనించాడు. ఒక జాబితాను ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే మర్నాడు ఎంత ఫలితం వచ్చిందో, 38 సార్లే వల్లెవేసి వాటిని మూడు రోజులకు పంచితే దాదాపు అంతే ఫలితం వచ్చింది. మన టైమ్‌టేబుళ్లన్నీ దీనికి ఎదురీదుతాయి. సోమవారం అంతా ఫిజిక్సు, మంగళవారం అంతా కెమిస్ట్రీ అని రాసుకుంటాం. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కంటే, ఆ రోజు పాఠాన్ని సాయంత్రం ఒకసారి, రెండు మూడు రోజులాగి ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి, నెలకు మరోసారి పదేసి నిమిషాలు చూడకుండా గుర్తుచేసుకోవడం మేలు. కొంచెం మరిచిపోయాక గుర్తుచేసుకుంటేనే లాభం ఎక్కువ. నిద్ర కూడా ఈ ఎడంలో భాగమే. పగలు నేర్చినదాన్ని మెదడు స్థిరపరచుకునే పని చాలావరకు నిద్రలోనే సాగుతుంది. తెల్లవార్లూ మేలుకుని చదివినవాళ్లు ఆ అవకాశాన్ని చేజేతులా వదులుకుంటున్నారు.

గుర్తుచేసుకోవడమే విద్యగా నిలబడిన కళ తెలుగువాళ్లకు ఒకటుంది, అవధానం. చదువుల గురించి ఆలోచిస్తున్నప్పుడు నా మనసు పదేపదే అక్కడికే పోతుంది. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం కట్టమంటారు, ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు అక్షరానికక్షరం నిషేధిస్తూ పోతారు. అవధాని ఎవరికీ పద్యం ఒక్కసారిగా పూర్తి చేయడు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి మొదటి పాదం, మళ్లీ తిరిగి వచ్చినప్పుడు రెండో పాదం, అలా నాలుగు ఆవృత్తులు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డొచ్చి ఏవేవో అడుగుతుంటాడు. ఒకరు మోగించే గంటలు లెక్కపెట్టుకోవాలి. చేతిలో కాగితం ఉండదు. అన్నీ అయ్యాక ధారణ, అంటే ఆ పద్యాలన్నీ మొదటి నుంచి చివరిదాకా వరసగా అప్పజెప్పడం.

దీన్ని పుట్టుకతో వచ్చే అద్భుతశక్తిగా చూసి చప్పట్లు కొట్టి వెళ్లిపోతాం. ఏళ్ల తరబడి ఛందస్సులో, నిఘంటువుల్లో, కావ్యాల్లో మునిగితేలినవాళ్లకే అది సాధ్యమవుతుందన్నది నిజం. అలాగని అందులో మనలాంటివాళ్లు నేర్చుకోవాల్సింది లేకపోలేదు. అవధాని ఒక విషయాన్ని సగంలో వదిలి వేరేదానికి వెళతాడు. తిరిగి వచ్చేసరికి మొదటిది మనసు ముందు ఉండదు, దాన్ని లోపలి నుంచి తెచ్చుకోవాలి. ప్రతి ఆవృత్తీ ఆ మాటకొస్తే ఒక చిన్న ధారణే. అర్థం, ఛందస్సు అనే రెండు పట్టుకొమ్మలు ఉండబట్టే అది సాగుతుంది.

ఇలా ఒకదాని మధ్యలో ఇంకోటి కలిపి సాధన చేయడాన్ని ప్రయోగశాలల్లో కూడా పరీక్షించారు. నేట్ కార్నెల్, రాబర్ట్ బ్యోర్క్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో 12 మంది చిత్రకారులు గీసిన ప్రకృతి దృశ్యాలు చూపించారు. కొందరి చిత్రాలు ఒక్కొక్కరివి వరసగా చూపారు, మిగతావి కలగాపులగంగా. తర్వాత ఎప్పుడూ చూడని కొత్త చిత్రం చూపించి ఇదెవరిదని అడిగితే, కలగాపులగంగా చూసిన చిత్రకారుల శైలినే బాగా పోల్చగలిగారు. చూసినవాళ్లలో ఎక్కువమంది మాత్రం వరసగా చూసినప్పుడే బాగా నేర్చుకున్నామన్నారు. ఇక్కడ కూడా ధీమా తప్పుదారే చూపింది. మ్యాథ్స్ విద్యార్థులకు ఇది చాలా అవసరం. అధ్యాయం చివర లెక్కలన్నీ ఒకే రకం, ఏ పద్ధతి వాడాలో అధ్యాయం పేరే చెప్పేస్తుంది. పరీక్షలో ఆ సాయం ఉండదు. ఏ పద్ధతి వాడాలో తేల్చుకోవడమే సగం లెక్క. అందుకే ఒక రోజు నాలుగైదు అధ్యాయాల నుంచి తలా రెండు లెక్కలు తీసి కలిపి చేయాలి.

ఇదంతా బట్టీ పట్టడం కాదా అని అడిగేవాళ్లున్నారు. బట్టీని తిట్టడం మన దగ్గర అలవాటైపోయింది, ఆ తిట్టు పోయి పోయి జ్ఞాపకం మీద పడుతోంది. బట్టీలో తప్పు గుర్తుపెట్టుకోవడం కాదు, అర్థం చేసుకోకుండా గుర్తుపెట్టుకోవడం. ఎబ్బింగ్‌హాసే అర్థం లేని అక్షరాలతో పాటు ఇంగ్లిష్ కవి బైరన్ కావ్యంలోని పద్యాలు కూడా కంఠస్థం చేసి పోల్చి చూశాడు. వాటికి పట్టిన శ్రమ దాదాపు పదో వంతే. అర్థమైనది తేలిగ్గా గుర్తుంటుంది. గుర్తున్నది తర్వాతి పాఠాన్ని తేలిగ్గా అర్థం చేయిస్తుంది. ఈ రెంటినీ విడదీసి, ఒకటి తెలివితేటలని, ఇంకోటి చిలకపలుకులని చెప్పడం విద్యార్థికి చేటు. ఫోన్లో వెతికితే అన్నీ దొరుకుతాయనేవాళ్ల మాట కూడా నాకు ఒప్పుదల కాదు. ఏం వెతకాలో తెలియడానికైనా ముందు తలలో కొంత ఉండాలి.

తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివి డిగ్రీలో ఇంగ్లిష్ పుస్తకాల్లో పడ్డవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మా క్లాసులో వాళ్లు చాలామంది. వాక్యాన్ని పైకి చదవగలరు, దాని లోపలికి వెళ్లడానికి రెట్టింపు సమయం పడుతుంది. ఆ తొందరలో వాక్యాన్నే గుర్తుపెట్టుకుంటారు, ఒక మాట జారితే మొత్తం జారిపోతుంది. వీళ్లకు నా సలహా, మొదటి గుర్తుచేసుకోవడం తెలుగులోనే చేయాలి. పుస్తకం మూసి, గదిలో తోటివాడికి చెబుతున్నట్టు తెలుగులో చెప్పాలి. విషయం చేతికొచ్చాక అదే విషయాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయాలి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఎన్నో సబ్జెక్టుల్లో పాఠ్యపుస్తకాలు తెచ్చింది. అవి లైబ్రరీల్లో ఉంటాయి, పక్కన పెట్టుకుని చదవొచ్చు. క్లాసులో తెలుగులో నోట్సు రాసుకోవడానికి మొహమాటపడే పరిస్థితి ఉండటం నాకు బాధగా ఉంటుంది. ఏ భాషలో ఆలోచన సాఫీగా సాగుతుందో ఆ భాషలో ఆలోచించే హక్కు విద్యార్థికి ఉంది.

పాఠ్యపుస్తకాల బయట చదివే చదువుకు ఈ నియమాలేవీ అక్కర్లేదు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఎప్పుడు వెళ్లినా గ్రూప్స్‌కీ, ఇతర ఉద్యోగ పరీక్షలకీ చదివే యువతీయువకులతో నిండి ఉంటుంది. ఎక్కువమంది సొంత పుస్తకాలు తెచ్చుకుని కూర్చుంటారు. వాళ్లకు కావాల్సింది కుర్చీ, నిశ్శబ్దం. ఉద్యోగం ఎంత అవసరమో తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. అయితే అదే భవనంలో ఉన్న నవలలను, కథాసంపుటాలను పరీక్ష తర్వాత చూద్దామని వాయిదా వేస్తూ పోతే ఈ వయసు దాటిపోతుంది. ఇరవై ఏళ్ల వయసులో చదవాల్సిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి.

వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు నేనూ చదివాను. వాటిలో పనికొచ్చే మాటలున్నాయి, కానీ చెప్పాల్సింది రెండు మూడు పేజీల్లో అయిపోతుంది. మనుషులు ఎందుకు అలా ప్రవర్తిస్తారో అవి చూపించవు. ఆ పని నవలలు చేస్తాయి. వృత్తిరీత్యా డాక్టరైన పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు' 1957లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో ఉన్నది మన వయసువాళ్లే. మెడిసిన్ చదివే ప్రకాశం మంచివాడే, తన జీవితం గురించి తానొక నిర్ణయం తీసుకోలేడు. పేదరికంలో చదువుకునే కల్యాణి నెమ్మదైనది. ఇందిర బాధ్యత పట్టని తండ్రిని పోషిస్తూ ఉద్యోగం చేస్తుంది, తనకేం కావాలో బయటపెట్టి అడుగుతుంది. పదహారేళ్లకు చదివితే ఇందిర స్వార్థపరురాలిగా, ప్రకాశం బాధితుడిగా కనిపించవచ్చు. ఇల్లు గడవడమంటే ఏమిటో కాస్త తెలిశాక చదివితే ఇందిర మాటల వెనకున్న అలసట కనిపిస్తుంది, ప్రకాశం మంచితనం ఎవరెవరికి ఎంత ఖరీదైందో కనిపిస్తుంది. పుస్తకం మారలేదు. ఈ మధ్యలో మనలో ఏం మారిందో కొలిచి చూపడానికి మార్కుల మెమో పనికిరాదు.

మా హాస్టల్లో నలుగురం ఒక నవల ఎంచుకుని ఎవరి వీలును బట్టి వాళ్లు చదివి, ఆదివారం టిఫిన్ తర్వాత మాట్లాడుకుంటాం. నోట్సు లేవు, పుస్తకం చూడకూడదన్న నియమమూ లేదు. అయినా వాదన ముదిరితే అందరూ పుస్తకం లేకుండానే ఫలానా చోట ఆమె ఏమందో, అతను ఏం చేయలేదో చెబుతుంటారు. ఒకరికి గుర్తున్నది ఇంకొకరికి వేరేలా గుర్తుంటుంది. అప్పుడు పేజీలు తిరగేసి చూస్తాం. ఇందిర గురించి నా స్నేహితురాలు చెప్పిన అభిప్రాయం నేనింకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం కూడా ఆ మాటే వస్తుంది.